నొక్కిన వేలు ఎప్పుడు వదులుతుంది?

1832లో లైప్‌జిగ్ నగరంలో 22 ఏళ్ల కుర్రవాడొకడు తన కుడిచేతి వేలితోనే యుద్ధం చేస్తున్నాడు. లా చదువు మానేసి, పియానో విద్వాంసుడు కావాలని ఫ్రీడ్రిష్ వీక్ అనే గురువు దగ్గర చేరినవాడు. నడిమివేలు చెప్పినట్టు వినడం లేదన్నది అతని బాధ. దాన్ని దారికి తేవడానికి ఒక పరికరం వాడాడు. డైరీలో దానికి చుట్ట యంత్రం అని ముద్దుపేరు పెట్టుకున్నాడు. వేలును వెనక్కి పట్టి ఉంచి బలం నేర్పాలన్నది దాని వెనక ఆలోచన. వేలికి బలం రాలేదు సరికదా, బిగుసుకుపోయింది. వైద్యం కోసం తిరిగితే, అప్పుడే కోసిన జంతువు పేగుల్లో చేయి పెట్టి ఉంచమన్నారు. అదీ చేశాడు. చేయి బాగుపడలేదు. ఆ కుర్రవాడి పేరు రాబర్ట్ షూమన్. వేదిక ఎక్కే దారి మూసుకుపోయాక పూర్తిగా రచన వైపు తిరిగాడు. ఆయన రాసిన పియానో సంగీతాన్ని లోకానికి వినిపించింది గురువు కూతురు, తర్వాత ఆయన భార్య అయిన క్లారా.

ఆ పరికరమే చేయిని పాడుచేసిందా, అప్పటికే మొదలైన జబ్బుకు అది తోడైందా అన్నది ఇప్పటికీ వాదనే. ఆ వాదన ఎటు తేలినా షూమన్ వేసుకున్న లెక్క మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. వేలు మాట వినడం లేదంటే దానికి బలం చాలడం లేదు, బలం చాలడం లేదంటే ఇంకా కసరత్తు చేయించాలి. దాదాపు 200 ఏళ్ల తర్వాత కూడా పియానో క్లాసుల్లో ఈ లెక్కే నడుస్తోంది. "వేళ్లలో పట్టు లేదు, ఇంకో గంట కూర్చో" అనే మాట పడని విద్యార్థి అరుదు. పియానో పెట్టె లోపలా, ముంజేతి లోపలా ఏం జరుగుతుందో చూస్తే ఈ సలహా నిలబడదు. కీ నొక్కేంత బలం పదేళ్ల పిల్లకూ ఉంటుంది. చాలామందికి రానిది, నొక్కాక వదలడం.

ముందు పెట్టె సంగతి. కుడి పెడల్ తొక్కి ఉంచితే, ఇప్పటి పియానో కీ ఒకటి మెల్లగా కిందికి దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు సరిపోతుంది. పది రూపాయల బిళ్లలు ఏడు పేర్చి కీ చివర పెడితే కాస్త అటూ ఇటూగా అంతే. దిగే లోతు ఒక సెంటీమీటరు. శబ్దం పెద్దదిగా రావాలంటే లోపలి సుత్తి తీగకు వేగంగా తగలాలి, దానికోసం కీ వేగంగా దిగాలి, దానికి బలం ఎక్కువ కావాలి. ఇంతవరకు బలం మాట నిజమే. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. కీ అడుగుకు చేరబోతుండగా, సుత్తి తీగకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండగానే, దాన్ని పైకి నెట్టే మీట పక్కకు తప్పుకుంటుంది. అక్కడి నుంచి సుత్తి ఎవరి చేతిలోనూ లేదు. తన వేగంతో తాను వెళ్లి తీగను తాకి వెనక్కి పడుతుంది. 1700 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో బార్టొలొమియో క్రిస్టొఫొరి తయారుచేసిన తొలి పియానోల నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. ఇది లేకపోతే సుత్తి తీగను అంటుకునే ఉండిపోయి, స్వరం పుట్టీపుట్టకముందే చచ్చిపోతుంది.

కేరం ఆటలో స్ట్రైకర్ వేలు దాటిపోయాక, దాన్ని పాకెట్టు వైపు తిప్పాలని ఒళ్లు వంచేవాళ్లను చూసే ఉంటారు. కీ అడుగుకు చేరాక కూడా దాన్ని తొక్కిపట్టే వేలు చేసేది అలాంటి పనే. తేడా ఒకటే. కేరం ఆటగాడి ఒంటికి ఏమీ కాదు, పియానో వాయించేవాడి ముంజేయి మాత్రం ప్రతి స్వరానికీ కొంత మూల్యం చెల్లిస్తుంది. స్వరాన్ని పొడుగ్గా నిలపాలంటే కీ పైకి లేవకుండా ఆపితే చాలు. అందుకు దాన్ని కిందికి దించిన బలం కూడా అక్కర్లేదు, అంతకంటే తక్కువే పడుతుంది. భావోద్వేగం ఉప్పొంగే చోట కీని పిండి పిండి నొక్కడం చూడ్డానికి బాగుంటుంది. ఆ పిండుడు శ్రోతకు చేరదు. నిమిషానికి కొన్ని వందల స్వరాలు ఉండే రచనలో ప్రతి స్వరం దగ్గరా ఇలా కొంచెం అదనంగా నొక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బరువు ఎత్తినవాడు దింపకుండా ఇంకో బరువు ఎత్తుతూ పోవడం అది.

ఇక చేయి. వేళ్లు వాటంతట అవి కదలవు, ఎందుకంటే వాటిలో కదిలించే కండలు లేవు. ఎడమచేత్తో కుడి ముంజేతిని, మోచేతికి కాస్త కింద, పట్టుకుని కుడిచేతి వేళ్లు ఆడించి చూస్తే తెలుస్తుంది. వేళ్లను మడిచే, చాచే పెద్ద కండలన్నీ అక్కడే ఉన్నాయి. అరచేతిలో చిన్న కండలు కొన్ని ఉంటాయి గానీ బరువు పని అంతా ముంజేతిదే. అక్కడి నుంచి స్నాయువులు తాళ్లలాగా మణికట్టు మీదుగా వేళ్ల చివరి దాకా వెళ్తాయి. అరచేతి వైపు మణికట్టులో ఉన్న ఇరుకు సందులోంచే తొమ్మిది స్నాయువులు, ఒక ముఖ్యమైన నరం కలిసి పోవాలి. బావి గిలక నిటారుగా ఉన్నంత కాలం తాడు ఏళ్ల తరబడి నిలుస్తుంది. గిలక ఒక పక్కకు వాలితే తాడు అంచుకు రాసుకుని పోగులు లేస్తుంది. మణికట్టు బాగా పైకి లేచినా, బాగా కుంగినా, చిటికెన వేలి వైపు వంగిపోయి ఉన్నా జరిగేది ఇంచుమించు ఇదే. వేళ్లు ఎంత చురుగ్గా ఉన్నా గిలక వంకరగా ఉంటే రాపిడి తప్పదు.

ఇంకో చిన్న పరీక్ష. బల్ల మీద అరచేయి బోర్లించి, నడిమివేలిని లోపలికి మడిచి, ఉంగరపు వేలిని ఒక్కదాన్నే పైకెత్తాలి. లేవదు. ఇది బలహీనత కాదు, నిర్మాణం. చేతి వెనక వైపు ఆ వేలి స్నాయువును పక్కవేళ్ల స్నాయువులతో కలిపే పట్టీలు ఉన్నాయి. ఎన్నేళ్ల కసరత్తు చేసినా ఆ పట్టీలు తెగవు. 19వ శతాబ్దంలో కొందరు వాటిని వైద్యుల చేత కోయించుకున్నారంటే, వేళ్లన్నీ సమానం కావాలన్న పిచ్చి ఎంత దూరం పోయిందో అర్థమవుతుంది. చేయి తయారైందే అసమానంగా. మంచి వాయిద్యకారుడి చేతిలో వేళ్లన్నీ ఒకే బలంతో ఉన్నట్టు వినిపిస్తే, దానికి కారణం బలహీనమైన వేలి వెనక ముంజేయి సర్దుకుని నిలబడటం.

మరి వేలి బలం మీద ఇంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? పియానోకు ముందు ఇళ్లలో ఉన్నది హార్ప్సికార్డ్. దాని కీలు తేలిక, వేలు ఒక్కటే కదిలితే సరిపోయేది. తొలి పియానోలూ తేలికైనవే. ఆ తర్వాత పియానో శరీరం మారిపోయింది. 1821లో ఎరార్ కంపెనీ ఒకే కీని గబగబా మళ్లీ మళ్లీ వాయించడానికి వీలైన ఏర్పాటుకు పేటెంటు తీసుకుంది. 1825లో ఒకే పోతగా పోసిన ఇనుప చట్రం వచ్చింది. తీగలు మందమయ్యాయి, సుత్తులు బరువెక్కాయి, హాళ్లు పెద్దవయ్యాయి. వాయించే పద్ధతి మాత్రం తేలికపాటి కీల కాలంలోనే ఆగిపోయింది. చేయి కదలకూడదు, వేళ్లే పనిచేయాలి. చేతి వెనక నాణెం పెట్టి, అది పడకుండా వాయించమనేవారు. యంత్రాలు కూడా ఈ సందులోనే పుట్టాయి. 1814లో యోహాన్ లోజియే చేతుల్ని ఒక చట్రంలో బిగించే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు, 1836లో అన్రి హెర్జ్ వేళ్లకు స్ప్రింగులు తగిలించే పరికరం అమ్మాడు. షూమన్ ఒక్కడే వెర్రివాడు కాదన్నమాట. 1873లో వచ్చిన, హానన్ అనే ఫ్రెంచి గురువు రాసిన 60 అభ్యాసాల పుస్తకమూ ఆ వరసలోదే. వేళ్లను ఎత్తి ఎత్తి వేయమని అది చెబుతుంది. ఈనాటికీ హైదరాబాద్‌లోనైనా న్యూజెర్సీలోనైనా పియానో నేర్చుకునే పిల్లల సంచీలో ఆ పుస్తకం కనిపిస్తుంది. ఆ అభ్యాసాల్లోని స్వరాల తప్పేమీ లేదు. వేలిని సుత్తిలా ఎత్తి బాదుతూ, చేయి మండేదాకా ఆపకుండా వాయించడమే తప్పు.

దీనికి ఎదురు గాలి కూడా జర్మనీ నుంచే వీచింది. 1885లో బెర్లిన్‌లో లుడ్విగ్ డెపె పియానో వాయించేవాళ్ల చేతి నొప్పుల మీద వ్యాసం రాశాడు. నొప్పి వాయిద్యం వల్ల కాదు, వాయించే తీరు వల్ల వస్తోందన్నాడు. 1905లో రుడాల్ఫ్ బ్రైట్‌హాప్ట్ చేతి బరువుతో వాయించే పద్ధతిని ప్రచారం చేశాడు. అప్పటి నుంచి ఊగిసలాట రెండో కొసకు చేరింది: చేయి పూర్తిగా వదులు చేసి కీల మీద పడేయాలి అన్నారు. ఈ మాటనూ ఎవరో ఒకరు పరీక్షించాలి కదా. ఆ పని ఒట్టో ఆర్ట్‌మన్ అనే పరిశోధకుడు చేశాడు. బాల్టిమోర్‌లోని పీబడీ సంగీత విద్యాలయంలో పరికరాలు పెట్టి కొలిచి, 1929లో పెద్ద పుస్తకం ప్రచురించాడు. పూర్తిగా వదులైన చేయి అసలు వాయించలేదని, వేలు తాకే క్షణంలో కీళ్లు కొంత బిగుసుకుని తీరాలని ఆయన తేల్చాడు. అంటే "రిలాక్స్ అవ్వు" అన్న సలహా కూడా "బలం పెంచు" అన్నంత అరకొర మాటే. రిలాక్స్ అయిపోదామని ప్రయత్నిస్తూ భుజాలు బిగించుకునే విద్యార్థులు ప్రతి క్లాసులోనూ ఉంటారు.

కావలసింది బిగువు లేకపోవడం కాదు, బిగువు వచ్చి వెంటనే పోవడం. ప్రతి కండకు ఎదురు పనిచేసే కండ ఒకటుంటుంది. వేలిని మడిచే కండ లాగుతుండగానే చాచే కండ కూడా లాగితే, బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇచ్చినట్టు అవుతుంది. బండి కదులుతుంది, కానీ ఇంజిన్ కాలుతుంది. ఇది బయటకు కనిపించదు, శబ్దంలో కూడా మొదట్లో పెద్దగా వినిపించదు. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. ఒక చిన్న ఉపాయం మాత్రం పనిచేస్తుంది. నాలుగైదు స్వరాలు వాయించి, చివరి కీని అలాగే కిందికి ఉంచి, మణికట్టును మెల్లగా పైకీ కిందికీ ఊపి చూడాలి. సులువుగా ఊగితే ఆ స్వరాల శ్రమ అక్కడితో అయిపోయినట్టు. కర్రలా ఉంటే, శబ్దం ఆగిపోయినా చేతి పని ఇంకా ఆగలేదన్నమాట.

కదలికల సంగతికొస్తే, 20వ శతాబ్దపు రెండో సగంలో న్యూయార్క్‌లో డొరొతీ టాబ్‌మన్ నేర్పిన పద్ధతికి చాలా పేరు వచ్చింది. తలుపు పిడి తిప్పేటప్పుడు ముంజేయి ఎలా తిరుగుతుందో, అలాంటి చిన్న మలుపు ప్రతి వేలి వెనకా ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. వేలు పక్కకు చాచి అందుకోవడం కాకుండా, చేయి మొత్తం ఆ కీ దగ్గరకు నడవాలి. నల్ల కీల మీదికి బొటనవేలు వెళ్లాల్సి వస్తే మణికట్టు మెలితిప్పకుండా చేయి లోపలికి జరగాలి. ఈ పద్ధతుల మధ్య శిష్యవర్గాల పోరు మన సంగీత బాణీల పోరుకు తక్కువేమీ కాదు. ఫలానా పద్ధతే గాయాలను ఆపుతుందని గట్టిగా చూపించే పరిశోధన తక్కువే. అయితే పేర్లు పక్కన పెట్టి చూస్తే అన్నీ ఒక చోట కలుస్తాయి: వేలిని ఒంటరిగా వదిలేయొద్దు.

కూర్చోవడం గురించి అందరూ చెబుతారు కాబట్టి ఇక్కడ రెండు మాటలు చాలు. మోచేయి కీల ఎత్తుకు సమానంగానో కొద్దిగా పైనో ఉంటే మణికట్టు నిటారుగా ఉంటుంది. పాదాలు నేలకు ఆనాలి, పిల్లలకు ఆనకపోతే కింద పీట వేయాలి. కెనడా విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ తన తండ్రి సర్దిచ్చిన 14 అంగుళాల ఎత్తు కుర్చీలో, గడ్డం కీలకు తగిలేంత కిందికి కూర్చుని అద్భుతంగా వాయించాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. అదే గూల్డ్ 1977లో తన చేతులు అదుపు తప్పుతున్నాయని నెలల తరబడి నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. నేరం కుర్చీ ఒక్కదాని మీదే మోపలేం. అనుకరించదగ్గ కుర్చీ మాత్రం కాదు.

మన ఇళ్లలో సమస్య ఇంకో రకం. తెలుగు ఇళ్లలో పియానో అంటే చాలావరకు 61 కీల కీబోర్డు. దాన్ని మంచం మీద పెట్టి, ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని వాయించడం మామూలు. లేదంటే డైనింగ్ టేబుల్ మీద పెడతారు. పదేళ్ల పిల్లకు అది మెడ దాకా వస్తుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఇంకొకటి ఎవరూ గమనించనిది. అపార్ట్‌మెంటులో పక్కవాళ్లు ఏమైనా అంటారని వాల్యూమ్ బాగా తగ్గిస్తారు. శబ్దం సరిపోక పిల్లలు ఇంకా గట్టిగా బాదుతారు. వాల్యూమ్ రెండు గీతలు పెంచడమో, మంచి హెడ్‌ఫోన్ కొనడమో కొన్నిసార్లు ఏ కసరత్తూ చేయని మేలు చేస్తుంది. బరువు లేని ఆ ప్లాస్టిక్ కీల మీద ఏడాదంతా సాధన చేసి, లండన్ సంస్థలు ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎమ్ పెట్టే గ్రేడ్ పరీక్ష రోజున ఒక్కసారిగా నిజమైన పియానో ముందు కూర్చుంటే చేయి తడబడుతుంది. అప్పుడు బలం లేదని తిట్టడం అన్యాయం. పరీక్షకు ముందు కొన్ని వారాలైనా బరువున్న కీల మీద రోజుకు కాసేపు వాయించే వీలు చూడటం పెద్దల పని.

సాధన విషయంలో మనకు అసురసాధన అనే మాట ఉంది. తెల్లవారుజామున లేచి గంటల తరబడి కూర్చున్న విద్వాంసుల కథలు వింటూ పెరిగిన తల్లిదండ్రులకు, నొప్పి అంటే సోమరితనం సాకులా కనిపించడం సహజం. 19వ శతాబ్దపు పియానో విద్వాంసుడు, స్వరకర్త షోపెన్ ఇందుకు పూర్తిగా ఎదురు. శిష్యులు చెప్పినదాన్ని బట్టి, రోజుకు మూడు గంటలు మించి సాధన చేయొద్దనేవాడు. ఆరు గంటలు చేస్తున్నానని గొప్పగా చెప్పుకున్న శిష్యురాలి మీద కోప్పడ్డాడు. చేతిని కీల మీద పెట్టడం కూడా ఆయన వేరేగా నేర్పేవాడు. అన్నీ తెల్ల కీలే ఉండే సి మేజర్ వరసతో కాకుండా, ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి మీద ఐదు వేళ్లూ పెట్టించేవాడు. పొడవైన మూడు వేళ్లు నల్ల కీల మీద, పొట్టివైన బొటనవేలూ చిటికెన వేలూ తెల్ల కీల మీద పడతాయి. చేయి ఎలా ఉందో కీబోర్డు అలా ఒదుగుతుంది. సి మేజర్ చదవడానికి సులువు, వాయించడానికి చేతికి కష్టమైనది కాబట్టి చివర్లో నేర్పేవాడు. మన దగ్గరే కాదు, లోకమంతటా ఇప్పటికీ దానితోనే మొదలుపెడతారు. చదివే పుస్తకం సౌకర్యం చేతి సౌకర్యాన్ని ఓడించిన చోటు అది.

షోపెన్ మాట వినని వాడికి ఉదాహరణ తర్వాతి తరం రష్యన్ స్వరకర్త అలెగ్జాండర్ స్క్రియాబిన్. మాస్కో కన్జర్వేటరీలో చదువుతుండగా, 1891 ప్రాంతంలో, తోటి విద్యార్థి యోసెఫ్ లెవీన్‌తో పోటీ పడి, ఫ్రాంజ్ లిస్ట్ రాసిన డాన్ జువాన్ ఫాంటసీ, బాలకిరెవ్ రాసిన ఇస్లామే అనే రెండు మహా కష్టమైన రచనల మీద పడ్డాడు. స్క్రియాబిన్ చేతులు చిన్నవి. కుడిచేయి దెబ్బతింది. బాగుపడే లోపు ఎడమచేతికి పని పెట్టాడు, 1894లో ఎడమచేతి కోసమే ఒక ప్రెల్యూడ్, ఒక నాక్టర్న్ రాశాడు. కథ చివర అందంగానే ఉంది గానీ అందరికీ అలా ముగియదు. ఇక్కడ చూడాల్సింది రచనలు ఎంత కష్టమన్నది కాదు, భారం ఎంత త్వరగా పెరిగిందన్నది. కండ మెల్లగా అలవాటు పడుతుంది, స్నాయువు ఇంకా మెల్లగా అలవాటు పడుతుంది. రోజుకు 40 నిమిషాలు వాయించే పిల్లాడు పరీక్షకు పది రోజుల ముందు మూడు గంటలకు ఎగబాకడం, సెలవుల్లో నెల రోజులు ముట్టుకోకుండా తిరిగొచ్చి పాత చోటే మొదలుపెట్టడం, కొత్త పియానో కొన్న ఉత్సాహంలో ఆదివారమంతా కూర్చోవడం: నొప్పులు ఎక్కువగా మొదలయ్యేవి ఇలాంటి రోజుల్లోనే.

అందుకే గంటల లెక్క కంటే గంటలను ఎలా కోస్తామన్నది ముఖ్యం. 20, 25 నిమిషాలకు ఒకసారి లేచి నీళ్లు తాగి రావడం, అష్టకాలు (ఆక్టేవ్‌లు), దూరదూరంగా ఉండే తీగవరసలు (కార్డులు, అంటే ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) ఒకే విడతలో పేర్చకుండా రోజంతా సర్దడం, చేతులు చల్లగా ఉంటే తేలికైన వాటితో మొదలుపెట్టడం అందరికీ తెలిసిన జాగ్రత్తలే. తెలియనిది ఒకటుంది. నెమ్మదిగా సాధన చేయమని అందరూ అంటారు, కానీ నెమ్మదిగా చేసేటప్పుడు వాడే కదలిక వేగంలో కూడా వాడగలిగేదై ఉండాలి. సరళీ స్వరాలు మొదటి కాలంలో పాడిన తీరే మూడో కాలంలో నిలబడాలన్నట్టే ఇదీ. మొదటి కాలంలో వేలిని అంగుళం ఎత్తి వేస్తే మూడో కాలంలో అంత ఎత్తడానికి వ్యవధి ఉండదు. అప్పుడు చేయి ఏం చేయాలో తెలియక బిగుసుకుంటుంది. వేగం రావడం లేదనుకుని ఇంకా ఎక్కువ సార్లు చేస్తారు. నేర్చుకున్న కదలికే తప్పైనప్పుడు పునశ్చరణ ఆ తప్పును గట్టిపరుస్తుంది, అంతే.

చేతులు ముట్టకుండా చేసే సాధనకూ విలువ ఉంది. 1995లో నాడీ శాస్త్రవేత్త అల్వారో పాస్కువల్ లియోన్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం బాగా పేరున్నది. పియానో రానివాళ్లకు ఐదు వేళ్ల అభ్యాసం ఒకటిచ్చి, రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు కొందరి చేత వాయింపించారు, కొందరి చేత కీల ముందు కూర్చుని ఊహింపజేశారు. ఊహించిన వాళ్ల మెదడులో కూడా వేళ్లకు చెందిన ప్రాంతం వాయించిన వాళ్లలాగే మారింది. వాయించడంలో వెనకబడ్డా, ఒక్క రెండు గంటల నిజమైన సాధనతో మొదటి గుంపును అందుకున్నారు. నొప్పితో చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లకు ఇది ఊరట మాటగా కాక పనికొచ్చే మాటగానే చెప్పవచ్చు. స్వరాలు రాసిన కాగితం ఒళ్లో పెట్టుకుని, ఏ వేలు ఎక్కడ పడుతుందో, చేయి ఎటు నడుస్తుందో లోపల వినుకుంటూ పోతే చాలా పని జరుగుతుంది.

చేతి కొలత సంగతి మర్యాద కోసం ఎవరూ ఎత్తరు. ఒక తెల్ల కీ నుంచి ఎనిమిదో తెల్ల కీ దాకా, అంటే ఒక అష్టకం, సుమారు 16.5 సెంటీమీటర్లు. 19వ శతాబ్దం చివర్లో స్థిరపడిన ఈ కొలత పెద్ద చేతులున్న మగవాళ్లకు బాగానే కుదిరింది. ఆడవాళ్లకు, పిల్లలకు, చిన్న చేతులున్న మగవాళ్లకు అష్టకం అంటే అరచేయి చివరిదాకా చాచడమే. చాచిన చేయి బిగిసిన చేయి, దాన్ని వేగంగా ఆడించడం రెట్టింపు కష్టం. 20వ శతాబ్దపు మొదటి సగంలో లోకాన్ని ఏలిన యోసెఫ్ హాఫ్‌మన్ కోసం స్టెయిన్‌వే కంపెనీ కీలు కాస్త సన్నగా చేసి ఇచ్చింది. అంతటివాడికి లేని నామోషీ పన్నెండేళ్ల పిల్లకు ఎందుకు? పెద్ద తీగవరసలో లోపలి స్వరం ఒకటి వదిలేయడం, కింది స్వరాన్ని ముందు తాకి పైకి జారడం, కుడిచేతికి అందనిది ఎడమచేతికి ఇవ్వడం తప్పేమీ కాదు. కొందరు గురువులు ఇప్పటికీ వీటిని మోసంలా చూస్తారు.

మరి ఎప్పుడు భయపడాలి? బాగా వాయించాక ముంజేయి కాస్త బరువెక్కి, రాత్రి నిద్రతో పోతే అది అలసట. పదునైన నొప్పి, మరునాడు ఉదయం కూడా ఉండే నొప్పి, వాపు, పట్టు జారడం అలసట కాదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేపుతుంటే మణికట్టు సందులోని నరం నలుగుతుండొచ్చు. చిటికెన వేలి వైపు తిమ్మిరి అయితే మూలం తరచు మోచేతి దగ్గర ఉంటుంది. మణికట్టుకు బొటనవేలి వైపు నొప్పి ఇంకో కథ. ఇలాంటప్పుడు నొప్పి మాత్ర వేసుకుని వాయించడం అన్నిటికంటే చెడ్డ తెలివి, ఎందుకంటే ఆపమని చెప్పే గొంతునే అది నొక్కేస్తుంది. డాక్టరును, వీలైతే చేతి సమస్యలు తెలిసిన ఫిజియోథెరపిస్టును కలవాలి. పియానో ఒక్కటే కాకుండా రోజంతా చేతులు చేసే పనంతా చెప్పాలి. ఫోన్ మీద బొటనవేళ్లు, ల్యాప్‌టాప్ మీద ఎనిమిది గంటలు, వీడియో గేమ్‌లు అన్నీ వాడేది అవే స్నాయువులను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నలభైల్లో పియానో మొదలుపెట్టిన వాళ్లకు ఇది మరీ ముఖ్యం. రోజంతా పనిచేసిన చేతులతోనే వాళ్లు రాత్రి తొమ్మిదికి కీల ముందు కూర్చుంటారు. తిరిగి మొదలుపెట్టడం కూడా ఐదు నిమిషాలతో, తేలికైన రచనతో, మర్నాడు నొప్పి లేకపోతేనే ఆరో నిమిషంతో జరగాలి.

నొప్పి లేకుండా వచ్చే జబ్బు ఒకటుంది, అది వీటన్నిటికంటే మొండిది. దాన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. ఇతర పనులన్నీ చేసే చేయి, కీల మీద పెట్టగానే ఒకటి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. తప్పు చేతిలో కాదు, చేతిని నడిపే మెదడులో ఉంటుంది. పక్కపక్క వేళ్లకు మెదడులో ఉండే హద్దులు చెరిగి కలిసిపోతాయని పరిశోధకులు చెబుతారు. వృత్తి సంగీతకారుల్లో నూటికి ఒకరికి వస్తుందన్నది తరచు చెప్పే అంచనా. ఇప్పటి నాడీ వైద్యులు చాలామంది షూమన్‌ది కూడా ఇదేనని అనుమానిస్తారు. అలాగైతే వేలి బలం కోసం ఆయన చేసిన కసరత్తంతా మంటలో పోసిన నెయ్యి అయి ఉండాలి.

లియాన్ ఫ్లైషర్‌కు జరిగింది దాదాపు అదే. 1952లో బ్రస్సెల్స్ క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచి శిఖరం మీద ఉన్న అమెరికన్ విద్వాంసుడు. 1964లో, 36 ఏళ్ల వయసులో, కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకోవడం మొదలైంది. ఆయన చేసిందీ అందరూ చేసేదే, ఇంకా గట్టిగా సాధన చేశాడు. వేళ్లు ఇంకా ముడుచుకున్నాయి. జబ్బు పేరు తెలియడానికే దశాబ్దాలు పట్టింది. ఆలోగా ఎడమచేతి కోసం రాసిన రచనలు వాయించాడు, పీబడీలో పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రాలు నడిపాడు. 1980ల మొదట్లో ఆయన, అలాగే కుడిచేయి దెబ్బతిన్న మరో అమెరికన్ విద్వాంసుడు గ్యారీ గ్రాఫ్‌మన్ తమ చేతుల సంగతి బయటపెట్టాకే సంగీతకారుల గాయాలను వైద్యులు సీరియస్‌గా తీసుకోవడం ఊపందుకుంది. 1990ల్లో బొటాక్స్ ఇంజెక్షన్లు, కండరాలను లోతుగా మర్దించే చికిత్స కలిసి ఆయన వేళ్లను కొంత విప్పాయి. 2004లో, నాలుగు దశాబ్దాల తర్వాత, రెండు చేతులతో వాయించిన రికార్డు విడుదల చేశాడు. దాని పేరు కూడా రెండు చేతులనే. జబ్బు పోలేదు. ఇంజెక్షన్లు ఆ తర్వాత కూడా వేయించుకుంటూనే వచ్చాడు.